మంత్రిగారి ఎడమ తొడ నాళం

ఈ ఏడాదిని "రక్తనాళ సంవత్సరం"గా పాటించబోతున్నట్టు ఆరోగ్యశాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. పదకొండుంబావుకల్లా ఆ సంవత్సరం మొదలైపోయింది కూడా. నాన్చుడు వ్యవహారం ఆయనకు మొదటినుంచీ గిట్టదు.

ఇకమీదట ప్రభుత్వోద్యోగులందరూ పదింటికీ, ఒంటిగంటకీ, నాలుగింటికీ పాలు కలపని బ్లాక్ టీ తాగాలి. తాగితే నాళాలు వెడల్పవుతాయి. నాళాలు వెడల్పయితే రక్తం జోరుగా పారుతుంది. రక్తం జోరుగా పారితే ఫైళ్లు కూడా పారతాయి. "నాళం వెడల్పు, పాలన మెరుపు" అనే నినాదాన్ని మంత్రిగారు తానే రాసి, తానే చదివి, చప్పట్లు కూడా తానే మొదలుపెట్టారు. ఇంత కష్టపడే నాయకుణ్ణి మనం ఈ మధ్య చూడలేదు.

నిజానికి ఆయన చేతికొచ్చిన పరిశోధన పత్రంలో, బ్లాక్ టీ తాగినవాళ్ల చేతి నాళం కొద్దిగా వెడల్పయిందని మాత్రమే ఉంది. ఆ "కొద్దిగా"ని ఆరోగ్యశాఖ డైరెక్టరుగారు ఎర్రపెన్నుతో కొట్టేశారు. మంత్రి స్థాయి మనిషి మైకు ముందు నిలబడి "కొద్దిగా" అంటే బావుండదని ఆయన అభిప్రాయం.

ఈ ప్రకటన వెలువడుతున్న వేళకి పెద్దాసుపత్రి కింది అంతస్తులో, లిఫ్టుకీ ఆక్సిజన్ సిలిండర్ల గదికీ మధ్య ఇరుక్కున్న ఆరో నంబరు గదిలో డాప్లరమ్మ ఒక తొడకి జెల్ పూస్తోంది. నాళాల్లో రక్తం ఎలా పారుతోందో తెరమీద చూపించే డాప్లర్ మిషన్ ఆ ఆసుపత్రి మొత్తానికి ఒక్కటే ఉంది. దాన్ని నడిపే మనిషీ ఒక్కతే. అందుకని ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. డైరెక్టరు దగ్గర్నుంచి నేల తుడిచే మనిషి దాకా అందరికీ డాప్లరమ్మే. పదిహేనేళ్లుగా "ఊపిరి పీల్చండి, ఆపండి, వదలండి" అని అనీ అనీ, ఇంట్లో మొగుడు ఏదైనా చెప్పబోతే కూడా "ఆపండి" అనేస్తుంది. వదలండి అనడం మాత్రం మర్చిపోతుందని ఆయన ఫిర్యాదు.

జెల్ పూయించుకుంటున్న తొడ ఒక బస్ కండక్టరుది.

"ఇప్పుడు ఎంత దూరం నడవగలుగుతున్నావన్నా?" అంది డాప్లరమ్మ.

"మా లెక్కలో చెప్తానమ్మా. పోయిన నెల రెండు స్టేజీలు నడిచేవాణ్ణి. ఇప్పుడు ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా. అదీ సీట్లు పట్టుకుని. జనం నేను తాగి డ్యూటీకొచ్చాననుకుంటున్నారు."

"తాగుతావా?"

"టీ కూడా తాగను తల్లీ."

ఆవిడ అతని ఎడమ పాదం పట్టుకు చూసింది. ఐసుగడ్డలా ఉంది. సర్జన్‌గారు మొన్ననే చెప్పారు: నాళం ఎక్కడ మూసుకుపోయిందో ఫొటో ఈ వారంలో నా చేతికొస్తే దారి తెరుస్తాను, ఆలస్యమైతే కాలు తీసెయ్యాల్సి వస్తుంది అని. ఆ ముక్క కండక్టరుకి తెలుసు. తెలిసీ జోకులేస్తున్నాడు. అందుకే అతని వంతు ఇవాళ అందరికన్నా ముందుకి జరిపింది.

అప్పుడే తలుపు తోసుకుని డైరెక్టరుగారు వచ్చారు. వెనకాల నలుగురు మనుషులు, వాళ్ల చేతుల్లో మిషన్ కట్టే తాళ్లు.

"మిషన్ లేపండి. మంత్రిగారి నాళం కొలవాలి. ప్రజలందరికీ అదే మొదటి కొలత, బేస్‌లైన్."

"జెల్ పూశాను సార్. ఈయన్ది అయిపోనివ్వండి. పది నిమిషాలు."

"మంత్రిగారికి జెల్ మళ్లీ పూయొచ్చమ్మా."

"మిషన్ మళ్లీ ఎప్పుడు తెచ్చిస్తారు సార్?"

డైరెక్టరుగారు ఆవిడ అమాయకత్వానికి నవ్వారు. "రక్తనాళ సంవత్సరం అన్నాం కదా. సంవత్సరం అయ్యాక."

డాప్లరమ్మకి ఒళ్లు మండిపోయింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఆవిడకి కోపం వస్తే ముందు వచ్చేవి అవే.

"అయితే నేను ఈ లోపల కాలు ఎవరికైనా అప్పగించి వెళ్లాలా అమ్మా?" అన్నాడు కండక్టరు, జెల్ తుడుచుకుంటూ.

"నువ్వు వార్డులో పడుకో అన్నా. కదలకు. నేను దాని వెంటే పోతా," అని ఆవిడ ఒంటిమీద ఆనించే ప్రోబు వైరు చేత్తో పట్టుకుని, మిషన్‌తోపాటు లిఫ్టెక్కింది.

మంత్రిగారి కార్యాలయంలో పొడుగాటి బల్లమీద పదహారు గాజు కప్పులు వరసగా పెట్టారు. మంత్రిగారు ఒక కప్పు తీసుకుని, ఒక గుక్క తాగి, ముఖం చిట్లించకుండా ప్రజల కోసం మింగారు. అలాంటి త్యాగం చాలా దగ్గర్నుంచి చూసే భాగ్యం డాప్లరమ్మకి కలిగింది.

"చేదుగా ఉందేంటయ్యా? కాసిని పాలు పోస్తే?"

"పాలు పోస్తే టీ గుణం తగ్గుతుందని కొందరంటున్నారు సార్," అన్నారు డైరెక్టరుగారు.

"పొయ్యకపోతే పాల సంఘం అధ్యక్షుడి కోపం పెరుగుతుంది సార్. ఇందాకట్నుంచీ బయటే కూర్చున్నారు," అన్నాడు పి.ఏ. పాల సంఘం అధ్యక్షుడు మంత్రిగారి స్వంత బావమరిది. మంత్రిగారు రెండు నిమిషాలు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి పరిష్కారం దొరికింది. టీ కూర్చుని తాగాలి. ఐదు నిమిషాలు ఆగి, పాలు లేచి నిలబడి తాగాలి. ఆ తర్వాత లోపల ఏది దేంట్లో కలిసినా అది ఉద్యోగి వ్యక్తిగత విషయం, ప్రభుత్వం జోక్యం చేసుకోదు. ఆ ఉత్తర్వు టైపయి వచ్చేలోపల బావమరిదిగారు ఇంటికి వెళ్లిపోయారు.

ఇక పరీక్ష. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, ఐదు నిమిషాలు రక్తం ఆపుతారు. తర్వాత ఒక్కసారి వదుల్తారు. ఆరోగ్యంగా ఉన్న నాళమైతే ఆ తాకిడికి విచ్చుకుంటుంది. ఎంత విచ్చుకుందో తెరమీద కొలుస్తారు. మంత్రిగారు ఐదు నిమిషాలు చెయ్యి ఊపకుండా ఉండటం ఆయన రాజకీయ జీవితంలో ఇదే మొదటిసారి. మూడో నిమిషంలో భుజం తనంతట తనే ఎగిరింది గానీ పి.ఏ. పట్టుకున్నాడు.

వదలక ముందు నాలుగు పాయింట్ ఒకటి మిల్లీమీటర్లు. వదిలాక నాలుగు పాయింట్ ఒకటి.

"కదల్లేదు సార్," అంది డాప్లరమ్మ.

"అంటే నిలకడగా ఉందన్నమాట!" అన్నాడు పి.ఏ.

"కదలాలి సార్. కదలకపోవడం మంచిది కాదు. ఒకసారి పెద్ద డాక్టరుకి చూపించుకోండి. కాళ్లు కూడా చూపిస్తే మంచిది."

"ఈ మిషన్ ఎన్నాళ్లనాటిదమ్మా?" అని అడిగారు డైరెక్టరుగారు, చాలా మర్యాదగా. ఆ మర్యాదలో తన బదిలీ కాగితం కనిపించి ఆవిడ ప్రోబు తుడవడం మొదలుపెట్టింది.

కానీ చిక్కు వచ్చిపడింది. మర్నాడు పదకొండింటికి విలేకర్లొస్తున్నారు. కెమెరాల ముందు మంత్రిగారి నాళం వెడల్పవాలి. అప్పుడు పి.ఏ. ముందుకొచ్చి చొక్కా చెయ్యి మడిచాడు.

"ఇరవయ్యేళ్లుగా సార్ తరఫున సంతకాలు పెట్టాను. సార్ తరఫున పెళ్లిళ్లకెళ్లాను, పరామర్శలకెళ్లాను, ఒకసారి సార్ తరఫున పన్ను కూడా పీకించుకున్నాను. సార్ తరఫున నాళం పెట్టలేనా?"

అందరి గుండెలూ బరువెక్కాయి. కొలిచారు. మూడు పాయింట్ రెండు ఉన్న పి.ఏ. నాళం, పట్టీ వదిలే సమయానికి మంత్రిగారు "ఏమయిందయ్యా?" అని గట్టిగా అడగడంతో మూడు పాయింట్ ఒకటికి ముడుచుకుంది. తర్వాత అందరూ డైరెక్టరుగారివైపు చూశారు. ఆయన తన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, నిన్నటినుంచీ అవి బాగా లేవన్నారు.

సాయంత్రానికి ఇంకో ఉత్తర్వు తయారైంది. "మంత్రిగారి నాళం ప్రజాసేవలో తీరికలేకుండా ఉన్నందున, వారి తరఫున యోగ్యమైన ప్రతినిధి నాళాన్ని వాడుకోవచ్చును. దాని ఫలితాలన్నీ మంత్రిగారివిగానే భావించవలెను. ఈ ఉత్తర్వు రహస్యము."

అది విని డాప్లరమ్మ ఒక కాపీ సంచిలో పెట్టుకుని ముందుకొచ్చింది.

"సార్, మా వార్డులో ఒకాయన ఉన్నారు. నిజం చెప్తున్నా, అలాంటి నాళం నా పదిహేనేళ్ల సర్వీసులో చాలా తక్కువ చూశాను."

"అంత గొప్పదా?"

"రేపు చూద్దురుగా సార్."

మర్నాడు కండక్టరుని సైరన్ కారులో తెచ్చారు. దారిలో అతను డ్రైవర్ని "ఏ రూటు బాబూ ఇది, స్టాపులే లేవు?" అని రెండుసార్లు అడిగాడట. హాల్లో రెండు మంచాలు పక్కపక్కన వేసి, మధ్యలో గుడ్డ తెర కట్టి, దాని కిందనుంచి రెండిటిమీదా ఒకటే పెద్ద తెల్లదుప్పటి కప్పారు. తెరకి ఇవతల మంత్రిగారి తల, నవ్వు, పట్టీ చుట్టిన చెయ్యి. తెరకి అవతల కండక్టరుగారి మిగతా సరుకంతా. విలేకర్లకి ఎదురుగా గోడంత తెరమీద మిషన్ బొమ్మ.

డాప్లరమ్మ దుప్పట్లోకి చెయ్యి పోనిచ్చి, చేతి నాళాన్ని వదిలేసి, నేరుగా కండక్టరు ఎడమ తొడమీద ప్రోబు పెట్టింది. తెరమీద కనిపించేది చేతి నాళమో కాలి నాళమో తెలిసిన మనిషి ఆ హాల్లో ఆవిడొక్కతే.

బొమ్మ కనిపించింది. పెద్ద నాళం నడుమ నల్లగా మూసుకుపోయి ఉంది. దాని పక్కనుంచి సన్నగా, వంకరటింకరగా, ఎర్రగా నీలంగా మెరుస్తూ ఓ అరడజను చిన్న నాళాలు పాకుతున్నాయి.

"ఆ పక్కన పాకుతున్నవేంటి?" అన్నాడు ముందు వరసలో విలేకరి.

"అవి కొత్తగా పుట్టుకొచ్చిన నాళాలండీ," అంది డాప్లరమ్మ. "పెద్ద నాళం మూసుకుపోయింది కాబట్టి—"

"కొత్త నాళాలు!" మంత్రిగారు పట్టీలేని చేత్తో మైకు లాక్కున్నారు. "చూశారా! వెడల్పు చేస్తామన్నాం. కొత్తవే వేశాం! ఒక్కరోజు టీకి ఆరు!"

హాలంతా చప్పట్లు. డైరెక్టరుగారు కళ్లు తుడుచుకున్నారు. ఒక విలేకరి, అవి బైపాస్ రోడ్లలాంటివా అని అడిగితే, మంత్రిగారు అంతకన్నా త్వరగా పూర్తయ్యాయన్నారు. తెర అవతలనుంచి ఎవరో కిసుక్కుమన్నట్టు వినిపించింది గానీ పి.ఏ. వెంటనే దగ్గి దాన్ని కప్పేశాడు. ఆ గోలలో డాప్లరమ్మ తొడనుంచి మోకాలి దాకా, మోకాలి నుంచి పాదం దాకా నింపాదిగా మొత్తం చూసేసింది. ఇరవై రెండు ఫొటోలు తీసింది. ఆరో నంబరు గదిలో కూడా అంత ప్రశాంతంగా ఎప్పుడూ చేసుకోలేదు.

అందరూ వెళ్లాక రిపోర్టు టైపు చేసింది. ఎడమ తొడ ప్రధాన నాళం పూర్తిగా మూసుకుపోయింది, పక్క నాళాలతో నెట్టుకొస్తోంది, పాదానికి రక్తం చాలడం లేదు, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. పైన పేరు చోట మాత్రం "గౌరవనీయ ఆరోగ్యశాఖ మంత్రిగారు" అని ఉంది. అది పొద్దున్నే పి.ఏ. ఎక్కించి, ఎవరూ చెరపకుండా పాస్‌వర్డు పెట్టుకుపోయాడు. ఆవిడ ఆ పేరు వంక రెండు నిమిషాలు చూసింది. దేవుడా, నేను రాసినదాంట్లో అబద్ధం లేదు, పేరు నేను రాయలేదు అనుకుంది. ప్రింటు నొక్కింది.

సర్జన్‌గారు మాటల్లో పొదుపు మనిషి. రిపోర్టు కిందనుంచి పైకి చదువుతారు. పైదాకా వచ్చేసరికి ఒక్క క్షణం ఆగారు. పేరు చూసి ఆయన ఆగారేమోగానీ ఆసుపత్రి ఆగలేదు. మామూలుగా పదకొండు వారాలకి దొరికే ఆపరేషన్ థియేటరు నలభై నిమిషాల్లో ఖాళీ అయింది. మత్తిచ్చే డాక్టర్లు ఒకరు కావాలంటే ముగ్గురొచ్చారు. లిఫ్టు కూడా పిలిచిన అంతస్తులోనే ఆగింది.

తీరా మంచం దగ్గరికొస్తే కండక్టరు.

"మంత్రిగారేరి?"

"ఈయన ప్రతినిధి సార్. ఉత్తర్వు ఇదిగో," అంది డాప్లరమ్మ.

ఆయన ఉత్తర్వు చదివారు. దుప్పటి తీసి పాదం పట్టుకు చూశారు. ఫొటో చూశారు. మళ్లీ పాదం చూశారు.

"ఫొటో ఈ కాలిదేనా?"

"ఈ కాలిదే సార్."

"నాకు ఆపరేషన్ చెయ్యాల్సింది కాలికి. పేరుకి కాదు. పదండి."

మూడున్నర గంటలు పట్టింది. కండక్టరుని బయటికి తెచ్చాక డాప్లరమ్మ అతని పాదం పట్టుకుంటే వెచ్చగా తగిలింది. ఆవిడ కారిడార్లో గోడకి ఆనుకుని గట్టిగా ఏడ్చేసింది, ఇంత సంతోషం తనకి ఈ ఉద్యోగంలో ఎప్పుడూ కలగలేదు.

తనకి ఆపరేషన్ అయిందన్న సంగతి మంత్రిగారు మర్నాడు పేపర్లో చదివి తెలుసుకున్నారు. ఆసుపత్రి రికార్డు చూసి బులెటిన్ విడుదల చెయ్యడం ఒక గుమాస్తా పని. అతను తన పని శ్రద్ధగా చేశాడు. "మంత్రిగారి ఎడమ కాలికి శస్త్రచికిత్స విజయవంతం." మంత్రిగారు ముందు కంగారుపడి ఎడమ కాలు తడిమి చూసుకున్నారు. తర్వాత పి.ఏ.ని పిలిచారు.

"ఇదేంటయ్యా! ఖండించు."

"ఖండిస్తే, నిన్న మనం చూపించిన నాళాలు ఎవరివని అడుగుతారు సార్."

"అది చెయ్యి కదా! కాలు ఎట్లా అయింది?"

"టీ అక్కడి దాకా దిగిందని చెప్పాను సార్. నమ్మారు."

మంత్రిగారు ఆలోచించారు. ఆ మధ్యాహ్నమే ఆయన ఎడమ కాలికి తుంటి నుంచి చీలమండ దాకా కట్టు కట్టారు, చంకకింద కర్ర పెట్టారు. పరామర్శలకి జనం విరగబడ్డారు. ప్రతిపక్ష నాయకుడు పళ్లబుట్టతో వచ్చినప్పుడు మంత్రిగారు లేచి పొరపాటున కుడికాలితో కుంటుతూ నడిచారు. ప్రతిపక్ష నాయకుడు కట్టువంక చూసి, కుంటువంక చూసి, మర్యాదగా పళ్లబుట్టవంక చూసుకున్నాడు. టీ రెండు కాళ్లకీ సమానంగా పనిచేస్తోందని పి.ఏ. వివరించాడు.

మూడు వారాలకి మైదానంలో బ్రహ్మాండమైన సభ పెట్టారు. వేదికకి ఇరవై మెట్లు. వేదికమీద పూలదండలు వేసి డాప్లర్ మిషన్ని నిలబెట్టారు. ప్రోబుకి రిబ్బను కట్టారు. డాప్లరమ్మని మిషన్ పక్కన నిలబడి నవ్వమన్నారు. మెట్ల దగ్గర జనంలో కండక్టరు ఉన్నాడు. ఇంటి నుంచి మైదానందాకా ఐదు స్టేజీలు ఎక్కడా ఆగకుండా నడిచొచ్చానని, పిలవకపోయినా చెయ్యెత్తి ఐదు వేళ్లూ చూపించాడు.

మంత్రిగారు కర్రతో మొదటి మెట్టు దాకా వచ్చారు. అక్కడ ఆగి, టీకప్పు అందుకుని, గటగటా తాగి, కర్రని జనంలోకి విసిరేశారు. మైదానం దద్దరిల్లిపోయింది. ఆయన చేతులూపుకుంటూ మెట్లెక్కడం మొదలుపెట్టారు. పన్నెండో మెట్టుమీద ఆగిపోయారు. రెయిలింగు పట్టుకున్నారు. వంగి ఎడమ పిక్క పట్టుకున్నారు. ముఖం పాలిపోయింది. అంత సహజమైన నటన ఆయన ఇంతకుముందెన్నడూ ప్రదర్శించలేదని డైరెక్టరుగారు పక్కవాళ్లతో అన్నారు.

కండక్టరు జనాన్ని తోసుకుంటూ వేదిక వెనక్కి వచ్చాడు.

"అమ్మా, ఆయన నటించట్లేదు. ఆ ఆగడం నాకు తెలుసు. నేను సీటు పట్టుకుని అట్లాగే ఆగేవాణ్ణి."

డాప్లరమ్మకి ఆ నాలుగు పాయింట్ ఒకటి గుర్తొచ్చింది. సభ అయ్యాక తెర వెనక, రిబ్బను విప్పి, దండలు పక్కకి నెట్టి, బల్లమీద పడుకోబెట్టి మంత్రిగారి ఎడమ తొడ చూసింది. ఈసారి దుప్పటి లేదు.

"ముప్పాతిక మూసుకుపోయింది సార్. ఇప్పుడైతే దారి తెరవొచ్చు. ఎక్కువ ఆలస్యం చెయ్యకండి."

"టీ తాగుతున్నాను కదమ్మా?"

"టీ తాగండి సార్, తప్పులేదు. ఆపరేషన్ కూడా చేయించుకోండి."

టీ మాట అడిగేటప్పుడు, ఎప్పుడూ గంభీరంగా ఉండే మంత్రిగారి గొంతు చిన్నపిల్లాడి గొంతైపోయింది. డాప్లరమ్మకి జాలేసింది. పి.ఏ. ఆసుపత్రికి ఫోను చేసి, పక్కకెళ్లి చాలాసేపు మాట్లాడి వచ్చాడు.

"మీ ఎడమ కాలికి అయిపోయిందంటున్నారు సార్. రికార్డులో ఉందిట. అదే కాలికి మళ్లీ చెయ్యాలంటే, మొదటిది ఫెయిలైందని మనం రాసివ్వాలిట."

"రాసిచ్చెయ్!"

"రాసిస్తే టీ ఫెయిలైనట్టే సార్."

బయట ఇంకా జనం "నాళం వెడల్పు!" అని అరుస్తున్నారు. ఆయన కర్ర ఎవరికి దక్కాలన్న విషయమై రెండు వర్గాలు కొట్టుకుంటున్నాయి.

కండక్టరు గొంతు సవరించుకున్నాడు. "నా పేరు మీద చేయించుకోండి సార్. రికార్డు ప్రకారం నా కాలు ఇంకా మూసుకునే ఉంది. స్కాన్ కూడా అవలేదు. వరసలో ఉన్నాను."

మంత్రిగారు అతన్ని అప్పుడే మొదటిసారి చూశారు. పి.ఏ. ఏదో అనబోతే చెయ్యి పెట్టి ఆపారు.

"ఆ వంతు ఎప్పుడొస్తుందమ్మా?"

డాప్లరమ్మ సంచిలోంచి ఆరో నంబరు గది పుస్తకం తీసి, పేజీలు తిప్పి, వేలు పెట్టి చూసింది.

"ఆసుపత్రిలో మిషన్ లేదు కదా సార్. మూడు వారాలుగా ఎవరి వంతూ రావట్లేదు."

మంత్రిగారు మోచేతిమీద లేచి, దండల మధ్య వెలుగుతున్న తెరవంక చూశారు.

"మరి ఈ మిషన్ ఇక్కడ ఏం చేస్తోందయ్యా?" అని డైరెక్టరుగారిమీద మండిపడ్డారు.